ద్వీపాంతరము – దీవిమజిలీ: శబ్దవిచారము, వర్ణనవిచారము

ద్వీపాంతరశబ్దమున కర్థ మేమని పాఠశాలలో నడిగినచో విద్యార్థులలోఁ బెక్కుమంది శిక్ష యని చెప్పుదురు. అది వారి దోషము కాదు. 1858లో అండమానునందలి పోర్టుబ్లేరున బందీల వలస యేర్పడినది. 1860 నాఁటి భారతశిక్షాస్మృతి యావజ్జీవప్రవాసమును దండనములలో నొకటిగాఁ జేర్చినది. తెలుఁగు పత్రికలును జనులును దానిని ద్వీపాంతరవాసశిక్ష యని వ్యవహరించిరి. నూఱేండ్లకు సమీపముగా నీవ్యవహారము సాగుటచేత శబ్దమున కంతకుముందున్న యర్థములన్నియు మఱుఁగువడినవి. 1955 నాఁటి సవరణచట్టముచేత 1956 జనవరి 1 మొదలుకొని యాశిక్షకుఁ గారాగారవాస మను పేరు వచ్చినది. 2024 జూలై 1న శిక్షాస్మృతియే తొలఁగి వేఱొకటి వచ్చినది. పోర్టుబ్లేరు సయితము 2024లో శ్రీవిజయపుర మైనది. శిక్ష పోయినది, స్మృతి పోయినది, ఊరి పేరును పోయినది. శబ్దమునకుఁ బట్టిన మఱక మాత్రము పోలేదు.

ఇప్పు డీశబ్దమునకు వేఱొక పని తటస్థించినది. మహాసముద్రమధ్యమున దూరదూరముగా నున్న దీవులపై నొక్కొక్కదానియందు దిగుచు మరల లేచుచుఁ బోవు విమానయాత్రలు నేఁడు కలవు. వానిని దెలుఁగున వర్ణింపఁబూనువారికి మొదట నెదురగు చిక్కు పేరు. ద్వీపాంతరవిమాన మందమా, అంతర్ద్వీపవిమాన మందమా, ఇంగ్లీషువారు గెంతుట యన్నారు గావునఁ దామును గెంతుట యందురా? రెండవచిక్కు వర్ణనము. వేగముగాఁ బోవు యానమునుండి కనఁబడిన దానిని నెట్లు చెప్పిన సాహిత్యమగును? ఈ రెండు ప్రశ్నలు వేఱువేఱుగాఁ దోఁచినను నొక్కటియే. పేరు సరిగా నిలిచిన చోట వర్ణనము సరిగా నడచును. కావున శబ్దవిచారము ముందు చేసి, దానినుండి వర్ణనవిచారమునకుఁ బోవుట క్రమము.

మొదట విషయము నెఱుఁగవలయును. ఇట్టి యాత్రలలో మిక్కిలి ప్రసిద్ధ మైనది పసిఫిక్ మహాసముద్రమున గువామునుండి హోనొలులూకుఁ బోవు మార్గము. 1968లో కాంటినెంటల్ సంస్థ కనుబంధముగా ఎయిర్ మైక్రొనీషియా యను పేర నిది యారంభమైనది. 2010లో కాంటినెంటల్ సంస్థ యునైటెడ్ సంస్థతోఁ గలిసినది. నడుమ విమానము దిగు దీవులు చూక్, పోన్‌పే, కోస్రాయె, క్వాజలీన్, మజురో. మొదటి మూఁడు మైక్రొనీషియా సమాఖ్యరాజ్యమునకును, తక్కిన రెండు మార్షల్ దీవుల గణరాజ్యమునకును జేరినవి. క్వాజలీను నమెరికాసైన్యము క్షిపణిపరీక్షలకై వాడుకొనుచుండుటచేత ననుజ్ఞ గలవారు మాత్రమే యచ్చట దిగుదురు. త్రోవలో యంత్రము చెడినచో బాగుచేయువారు దొరకరు గాన, విమానముతోడనే యొక యంత్రశిల్పి ప్రయాణము చేయును. మార్గము తేదిరేఖను దాఁటుటచేత హోనొలులూలో దిగినవేళ గడియారమును దినసూచికయుఁ గలిపి చూచినచో బయలుదేఱినదానికంటె ముందే చేరినట్లు సాధారణముగాఁ గనఁబడును. మన పల్లెవారు ప్రతి స్టేషనునందు నాఁగు బండిని పాసింజరు బండి యందురు. ఇది సముద్రముమీఁది పాసింజరు బండి.

ఇఁక శబ్దము. ద్వీపశబ్దవ్యుత్పత్తి యష్టాధ్యాయియందు నాఱవయధ్యాయము మూఁడవపాదమునఁ జెప్పఁబడినది. ద్వి, అంతర్ అను శబ్దములకును నుపసర్గములకును బరమైన అప్ శబ్దముయొక్క మొదటి యకారమునకు ఈకారము వచ్చును. ద్వీపము, అంతరీపము, సమీపము, ప్రతీపము అనునవి యుదాహరణములు. తరువాతి సూత్రమున, అను అను నుపసర్గమునకుఁ బరమైనప్పుడు దేశార్థమున ఊకారము వచ్చి, తడినేల యను నర్థమున ననూపము సిద్ధించును. అప్ అనఁగా నీరు. రెండువైపుల నీరు గలది ద్వీపము. ఇందొక విశేషము గమనింపఁదగియున్నది. ద్వీపశబ్దమున నేలను జెప్పు నవయవ మొక్కటియు లేదు. సంఖ్య యున్నది, నీరున్నది. నేల బహువ్రీహివలన నన్యపదార్థముగాఁ దెలియవచ్చుచున్నది. ఈ వ్యుత్పత్తి యెంత యథార్థమో మార్షల్ దీవులను జూచినచోఁ దెలియును. ఆ రాజ్యమున నేల యంతయుఁ గలిపి రమారమి 181 చదరపు కిలోమీటరులు. దాని యధికారమునకు లోఁబడిన సముద్రమో, రమారమి యిరువదిలక్షల చదరపు కిలోమీటరులు. నేలయెత్తు నీటిమట్టమునకు రెండుమూఁడు మీటరులు మాత్రమే. సముద్రము పెరుఁగుచున్న యీకాలమున నన్యపదార్థము మునిఁగిపోవునేమో యని యచ్చటివారు భయపడుచున్నారు. వైయాకరణుఁడు సమాసమునఁ జూపిన సంగతి యచ్చటి జనుల బ్రతుకు సంగతి యైనది.

ద్వీపశబ్దముపైఁ దద్ధితములు వచ్చునప్పుడు వైయాకరణులు మఱియొక భేదము చేసిరి. నాలవయధ్యాయము మూఁడవపాదము ననుసరించి సముద్రసమీపమందలి ద్వీపమునకు సంబంధించినది ద్వైప్యము. సముద్రముతో సంబంధము లేక నదీమధ్యమం దున్న దానికిఁ జేరినది ద్వైపము. అచ్చటి మనుష్యుఁడు ద్వైపకుఁడు. సంస్కృతమునఁ బ్రత్యయముచేతఁ దెలియు నీభేదము తెలుఁగున శబ్దముచేతనే తెలియుచున్నది. గోదావరీకృష్ణలలో నీటినడుమ నున్న నేలలు లంకలు. సముద్రమునం దున్నవి దీవులు: అండమాను దీవులు, లక్షదీవులు. కృష్ణ సముద్రమునఁ గలియుచోటు దివిసీమ. అచ్చటి యూరు హంసలదీవి. దీవి ద్వీపశబ్దమునకుఁ దద్భవమే యయ్యు, సముద్రసామీప్యము గల చోటనే నిలిచి, నదీమధ్యమును లంకకు విడిచిపెట్టినది. రావణుని లంక సముద్రమునం దున్నది గదా యన్నచో, అది సంజ్ఞ గాన బాధకము కాదు. ఈ యేర్పాటు నెవ్వఁడును బుద్ధిపూర్వకముగాఁ జేసియుండఁడు. ఏటియొడ్డునను గడలియొడ్డునను బ్రదికినవారి వ్యవహార మట్లు స్థిరపడినది. శాస్త్రమును వ్యవహారమును నొక్కచోటికి వచ్చిన యిట్టి యుదాహరణములు బాలురకుఁ జూపఁదగినవి.

తరువాత నంతరశబ్దము. దీనివలననే చిక్కు పుట్టినది. ద్వీపాంతర మనునది రెండువిధముల సాధ్యము. అన్యమైన ద్వీపము ద్వీపాంతరము. రాజాంతర మనఁగా వేఱొక రాజైనట్లు. ఇది మయూరవ్యంసకాదిగణమునఁ జేరిన నిత్యసమాసము. స్వపదములతో విగ్రహము లేదు. రెండవది షష్ఠీసమాసము: ద్వీపములయొక్క యంతరము, అనఁగా నెడము. మొదటిదానియందు గమ్యము ప్రధానము. రెండవదానియందు నడిమి నీరు ప్రధానము. శిక్షావ్యవహారమున మొదటియర్థమే గ్రహింపఁబడినది. అందును నన్యత్వము వెలియై, దూరమై, తిరిగిరాని చోటై పరిణమించినది.

ఈ సందర్భమున నొక పూర్వపక్షము. ద్వీపాంతరశబ్దము దూషితమైనది గావున, అంతర్జాతీయము వంటి మాటల దారిని నంతర్ద్వీపవిమాన మనుట మేలు గదా యని. ఇది పొసఁగదు. అంతర్ అను నవ్యయమున కిట్టి సమాసములందు లోపల యను నర్థమే మొదట స్ఫురించును. అంతఃపురము పురములకు నడుమ నున్నది కాదు. అంతర్ద్వీప మన్నచో ద్వీపము లోపల నని తోఁచును. ఒక దీవిలోపలనే తిరుగు వాహనమున కది తగినపేరు. పైఁగా నంతర్ శబ్దముతోడి యంతరీపమును నమరసింహుఁడు ద్వీపమునకుఁ బర్యాయముగాఁ జెప్పియుండఁగా, హిందీ భూగోళగ్రంథములు సముద్రములోనికిఁ జొచ్చుకొనిపోయిన భూమికొనకు నాపేరు పెట్టినవి. ఒక గందరగోళము చాలదా? మఱి ద్వీపాంతరశబ్దమునే నిలుపుకొందమన్నచో, దానికిఁ బట్టిన మఱకను గడుగుట సాధ్యమా? సాధ్యమే. శబ్దముయొక్క పూర్వచరిత్ర యందుకుఁ జాలును.

రఘువంశమున నాఱవసర్గమం దిందుమతీస్వయంవరసందర్భమునఁ గళింగరాజైన హేమాంగదుని సునంద వర్ణించును. అతఁడు మహేంద్రపర్వతమునకును మహోదధికిని బ్రభువు. అతనిఁ బెండ్లాడినచోఁ దాటితోఁపులు గలగల లాడు సముద్రతీరములందు విహరింపవచ్చునని, ద్వీపాంతరములనుండి లవంగపుష్పములను దెచ్చు గాలులు చెమట నార్చునని యామె చెప్పును. కాళిదాసు ద్వీపాంతరశబ్దమును వాడిన యీచోటు కళింగతీరము కావుటకుఁ గారణ మున్నది. లవంగము పదునెనిమిదవశతాబ్దమువఱకు మలుకు దీవులయందుఁ దక్క వేఱొకచోటఁ బండలేదు. ఆ దీవులు నేఁటి యిండొనీషియాలోనివి. అచ్చటి మొగ్గ కళింగతీరమున కవికిఁ దెలిసినదనఁగా నడుమ నోడలు నడచినవని యర్థము. ఈ తీరమునుండి సువర్ణభూమికి నోడలు విడుచు తావు నొకదానిని గ్రీకు భూగోళవేత్త టాలమీయుఁ బేర్కొన్నాఁడు. శ్లోకమున గాలిని మాత్రమే మెచ్చి విడుచు వ్యాఖ్యానములు సగమే చెప్పుచున్నవి. కవి గాలిచేత మోయించినది వర్తకచరిత్ర.

ఇచ్చట నొక భ్రాంతిని దొలఁగింపవలయును. హనుమంతుఁడు లంకకు లంఘించిన మహేంద్రము మందసకు సమీపమున, ఒడిశాసరిహద్దున నున్న మహేంద్రగిరియే యని యుత్తరాంధ్రమున వాడుక కలదు. రామాయణకథయందలి మహేంద్రము దక్షిణసముద్రతీరమందలిది. కాళిదాసు నాలవసర్గమునను నాఱవసర్గమునను జెప్పినది కళింగమహేంద్రము. పేరొక్కటి యగుటచేతఁ గొండ యొక్కటి గాదు. అభిమానము మంచిదే గాని, కళింగమహేంద్రమునకుఁ గాళిదాసు చేసిన గౌరవము చాలినంత యున్నది. వేఱొక కొండ గౌరవమును దెచ్చి పెట్ట నక్కఱలేదు.

తెలుఁగుదేశమున ద్వీపాంతరశబ్దమునకుఁ గాకతీయకాలమందలి సాక్ష్యము మోటుపల్లి యభయశాసనము. శకవర్షము 1166లో, అనఁగా 1244లో, గణపతిదేవుఁడు ద్వీపాంతరములకుఁ బోవుచు వచ్చుచుండు సాంయాత్రికులకు నభయ మిచ్చెను. పూర్వపురాజులు తుపానుచేత నొడ్డునఁబడిన యోడలలోని సర్వస్వమును హరించుచుండఁగా, తాము నిర్ణీతమైన సుంకమును మాత్రమే గైకొందుమని యాశాసనము చెప్పుచున్నది. ద్వీపాంతరశబ్దము శిక్షతోఁ గాక యభయముతోఁ గలిసి యుండిన కాల మది. శ్రీనాథుఁడు హరవిలాసమును గృతి నిచ్చిన యవచి తిప్పయసెట్టి వంశమువారు సింహళముననుండి యేనుఁగులను, హురుముంజినుండి గుఱ్ఱములను, చీనానుండి పట్టును దెప్పించిన వర్తకు లని యా కావ్యావతారికయే తెలుపుచున్నది. శిలయుఁ గావ్యమును నొక్కటే చెప్పుచున్నవి: వేఱొక దీవి దండనస్థానము కాదు, వస్తువులును మనుష్యులును వచ్చిపోవు స్థానము.

ఆ వచ్చిపోవుట యందు వెలయైనవారు మనుష్యులే. మలయభాషలో దక్షిణభారతీయునకుఁ గెలింగ్ అని పేరు, అది కళింగశబ్దమే. మారిషసు దీవియందుఁ దెలుఁగువారికిఁ గోరంగీలని పేరు. అది కాకినాడకడనున్న కోరంగిరేవుపేరు. మారిషసునకు 1834 మొదలుకొని యొడంబడికకూలీలు పోయిరి. ఫీజీకి 1879లో నారంభమైన యావలసలు 1903నుండి మదరాసునుండియు సాగి 1916లో నాఁగినవి. ఆ కూలీలలోఁ దెలుఁగువారు పెక్కుమంది. ఫీజీయందు 1941లో నాంధ్రసంగ మేర్పడినది. మారిషసునం దుగాది ప్రభుత్వపు సెలవుదినము. 1770 ప్రాంతమున పియేర్ పవావ్ర్ అను ఫ్రెంచివాఁడు లవంగపుమొక్కను మలుకునుండి రహస్యముగాఁ దెప్పించి మారిషసున నాఁటించెను. కాళిదాసు గాలిలోని లవంగము దీవినుండి దీవికిఁ బోయినట్లే, యా గాలి తగిలిన తీరమువారును దీవినుండి దీవికిఁ బోయిరి. ద్వీపమువారు వీరికిఁ బెట్టిన పేరు రేవుపేరగుట గమనింపఁదగినది. ప్రయాణికుని మనుష్యులు గుర్తుంచుకొనునది యతఁడెక్కడ నోడ యెక్కెనో యాచోటితోడనే.

ఈ యుత్తరాంధ్రమందే రాజాం పట్టణము ఋజువుగా నున్నది. 1757 నాఁటి బొబ్బిలియుద్ధకథయందుఁ దాండ్ర పాపారాయని యుండినచోటుగాఁ బ్రసిద్ధమైన యీయూరు 2022లో శ్రీకాకుళముజిల్లానుండి విజయనగరముజిల్లాలోఁ జేరినది. రైలెక్కవలసిన రాజాంవారు చీపురుపల్లికో పొందూరునకో పోవుదురు. అట్టి యూర 1950లో జనించిన గ్రంధి మల్లికార్జునరావుగారు స్థాపించిన జి.ఎం.ఆర్. సంస్థ దీవులయందు విమానాశ్రయములను జేపట్టినది. 2010నుండి 2012వఱకు మాలదీవులయందలి మాలె విమానాశ్రయము నానిర్వహణమందుండెను. 2014లో ఫిలిప్పీనులందు సెబూ విమానాశ్రయమున కొడంబడిక కుదిరి, 2018లోఁ గ్రొత్తభవనము తెఱువఁబడినది. సుమత్రాదీవియందు మెదాను నగరపు విమానాశ్రయమును 2022లో నాసంస్థ భాగస్వామ్యమునకు వచ్చినది. సుమత్రాయు సెబూయుఁ బ్రాచీనులు ద్వీపాంతర మన్న దిక్కువే. రాజాంవారి పిల్లల కీశబ్దమును శిక్షయని చెప్పి విడుచుట వారిచరిత్రను వారికిఁ జెప్పక విడుచుటయే.

శబ్దము శుద్ధమైన పిమ్మట వర్ణనము. ఆకాశమార్గమున సముద్రమును దాఁటుటకు వాల్మీకియందు రెండు ఘట్టములు చూడఁదగినవి. సుందరకాండాదియందు హనుమంతుఁడు నూఱుయోజనములు దాఁటును. సముద్రుని ప్రేరణమున మైనాకము నీటినుండి పైకి లేచి విశ్రాంతి దీసికొమ్మనును. హనుమంతుఁడు నడుమ నిలువనని ప్రతిన చేసితినని, కాలము మించుచున్నదని చెప్పి, చేతితోఁ దాఁకి సాగిపోవును. సురస నోటఁ జొచ్చి వెడలును, సింహికను జంపును, అటుపిమ్మట లంబశిఖరమున దిగును. ఇందు నిలువకపోవుట గుణము. ఏలయన దూతకుఁ గార్యము ప్రధానము. అయినను మైనాకమును దాఁకకుండఁ బోలేదు. ఆతిథ్యము నంగీకరింప వీలుకానివాఁ డాతిథేయుని గౌరవింపవలసిన తీరు నాయొక్క స్పర్శలో నున్నది.

రెండవది పుష్పకము. రావణవధానంతరమున రాముఁడు సీతకు మార్గమంతయుఁ జూపుచుఁ బోవును. కిష్కింధ కనఁబడఁగానే తారాదులైన వానరస్త్రీలనుఁ దోడ్కొని పోవలయునని సీత కోరును. పుష్పకము నిలుచును, వా రెక్కుదురు. భరద్వాజాశ్రమమునను యాన మాఁగును. హనుమంతుఁడు నిలువలేదు, సీత నిలిపినది. రెండును నౌచితిగలవే. నిలుచుటకును నిలువకుండుటకును గారణము మనుష్యుఁడు. విమానము త్రోవలో దిగుట కథకుఁ బనికివచ్చునది యెప్పుడనఁగా, దిగినచోట నెవరో యెక్కినప్పుడు, ఎవరో పలుకరించినప్పుడు. ఈ ప్రమాణమును గైకొని చూచినచో నీకాలపు యాత్రావ్యాసములలోఁ బెక్కింటి లోపము తెలిసిపోవును. వానియందుఁ గిటికీ యుండును, మేఘ ముండును, నీలిమ యుండును, దీవి యొక పచ్చనిచుక్క యగును, తరువాత నింకొక చుక్క యగును. ఐదుదీవులకు నైదు విశేషణములు. ఐదవ విశేషణ మయిపోవుసరికి వ్యాసము ముగియును. దిగినచోట నున్నవారు మాటాడరు. అట్టి వ్యాసమునందు విమాన మైదుచోట్ల దిగినను రచన యొక్కచోటను దిగలేదనవలయును.

దిగుటయందలి యద్భుతమును గాళిదాసు చూపెను. శాకుంతలము సప్తమాంకమున దుష్యంతుఁ డింద్రరథమున నవతరించునప్పుడు భూమి తనయంతఁ దాను పైకి వచ్చుచున్నట్లును, కొండకొమ్ములనుండి నేల జాఱుచున్నట్లును, చెట్ల బోదెలు మెల్లగా వెలిపడుచున్నట్లును వర్ణింపఁబడినది. రఘువంశము పదుమూఁడవసర్గమున సముద్రము వెనుకకుఁ దొలఁగుచుండఁగా నడవులతోఁగూడ నేల దానినుండి బయల్వెడలుచున్నట్లు రాముఁడు సీతకుఁ జూపును. రెండుచోట్లను గదలునది రథము. కదలుచున్నట్లు కనఁబడునది భూమి. దీనిని నలంకారశాస్త్రజ్ఞు లుత్ప్రేక్ష యందురు. ఇది యనుభవసిద్ధమైన యుత్ప్రేక్ష.

ఆశ్చర్య మేమనఁగా, పైఁజెప్పిన విమానము దిగు మైక్రొనీషియా దీవులనావికులకు నీయుత్ప్రేక్షయే శాస్త్రము. కరొలైన్ దీవులవారు, ముఖ్యముగాఁ జూక్ రాష్ట్రమందలి పులువాత్ వంటి చోట్లవారు, దిక్సూచి లేక మహాసముద్రమును దాఁటునప్పుడు పడవ కదలదనియు దీవులే కదలిపోవుననియు భావింతురు. పడవకు నొకప్రక్క దూరముగా నున్న యొక దీవిని గుఱుతుగాఁ గొని, యది యేనక్షత్రము క్రిందినుండి యేనక్షత్రము క్రిందికి జరిగెనో లెక్కించి, పోయిన దూరము నెఱుఁగుదురు. దీనిని వా రెతక్ అందురు. సతవాల్ దీవికిఁ జెందిన మౌ పియైలుగ్ అను నావికుఁడు 1976లో హొకులేయా యను జంటపడవను యంత్రముల సాయము లేకయే హవాయినుండి తహితికి నడపెను. మార్షల్ దీవులవారు కొబ్బరియీనెలను గట్టి, గవ్వలను దీవులుగాఁ గుదిర్చి, కెరటముల వంపులను జూపు పటములు చేసికొనిరి. కాళిదాసు కవిత్వమునఁ జూచినది వారు జీవనోపాధిగాఁ జూచిరి. ఆకాశమునుండి యాదీవులను జూచు తెలుఁగుయాత్రికున కీసంగతి తెలిసియుండినచో నతని వర్ణన మెంత లోఁతగును! క్రిందనున్నవారు తనకంటె ముందే, తనకంటె నెక్కువగాఁ జూచినవారని యెఱుఁగుట వినయమునకును రచనకును గూడ మేలు.

అట్లే యొక్కొక్కచోట నొక్కొక్క కథ కలదు. చూక్ కొలను లోపల 1944 ఫిబ్రవరిలో మునిఁగిన జపానుయోడలు నేఁటికి నున్నవి. పోన్‌పే యంచున నల్లఱాళ్లతో నీటిపైఁ గట్టిన నాన్ మదోల్ పురమును 2016లో యునెస్కో ప్రపంచవారసత్వముగాఁ బేర్కొన్నది. మార్షల్ దీవులయందు 1946నుండి 1958వఱకు నమెరికావా రఱువదియేడు పరమాణుపరీక్షలు చేసిరి. బికినీ దీవివారు తమనేలను విడిచిపోవలసివచ్చెను. న్యాయస్థాన మేశిక్షయు విధింపకయే వారికి ద్వీపాంతరవాసము ప్రాప్తించినది. ఒకనాఁడు శిక్షగా నుండిన శబ్దము నిరపరాధులయెడ నింత నిజ మగుటను దలఁచిన రచయిత, యాదీవిని బచ్చనిచుక్క యని వదలఁజాలఁడు.

త్రోవలోని యాఁగుళ్లను రచనావస్తువుగాఁ జేయు విద్య తెలుఁగువారికిఁ గ్రొత్త గాదు. ఏనుఁగుల వీరాస్వామయ్య 1830 మే 18న మదరాసునుండి బయలుదేఱి 1831 సెప్టెంబరు 3న మరలి వచ్చెను. 1838లో నచ్చయిన యాతని కాశీయాత్రచరిత్రయందు మజిలీ మజిలీకిఁ బేరు, దూరము, నీటివసతి, అంగళ్లు, జనుల యాచారములు కలవు. మరలివచ్చుచు నతఁడు గంజాము, శ్రీకాకుళము ప్రాంతములను గూడ నట్లే వ్రాసెను. మధిర సుబ్బన్నదీక్షితులు కాశీమజిలీకథలలో నిదే పద్ధతిని గల్పనకుఁ బూన్చెను; ప్రతిమజిలీయందు నొక కథ పుట్టును. ఒకరు కన్నది వ్రాసిరి, ఒకరు లేనిది కల్పించిరి. ఇద్దఱికిని నాఁగినచోటే కథాస్థానము.

కావున నీవిమానయాత్రకుఁ దగిన తెలుఁగుపేరు తెలుఁగుననే యున్నది. మజిలీ యనఁగా దిగి, నిలిచి, మరల సాగుట. దీవిమజిలీ విమాన మన్నచో వస్తువును దెలియును, పద్ధతియుఁ దెలియును. సంస్కృతముననే కావలయునన్నవారికి వీప్సార్థమున నవ్యయీభావముచేత సిద్ధించిన ప్రతిద్వీపశబ్దముతోఁ బ్రతిద్వీపయాన మన వచ్చును. ప్రతిద్వీపమందును నాఁగు ననుట దానఁ దెలియును. ద్వీపాంతరశబ్దము గమ్యమును జెప్పుటకుఁ బూర్వమువలెనే యుండవచ్చును. ఇట్లు పని పంచినచో నేశబ్దమునకును నాయాసము లేదు.

మజిలీ యన్యదేశ్యము గదా, శిష్టరచనయందుఁ దగునా యని కొందఱాక్షేపింపవచ్చును. ఆ యాక్షేపము విచారింపఁదగినదే. అయితే నది పరభాషనుండి వచ్చినను దెలుఁగువిభక్తులను ధరించి, తెలుఁగువచనమునఁ బ్రసిద్ధగ్రంథములకుఁ బేరై, రెండువందలయేండ్లుగా నిలిచినది. శబ్దమునకుఁ గులము పుట్టుకచేతఁ గాదు, ప్రయోగముచేత. ద్వీపశబ్దముకంటెఁ దద్భవమైన దీవిశబ్దముతో నది చేరుట నుడికారమున కనుకూలము. పైఁగా విశ్రామాదిశబ్దములకు లేని యర్థ మొకటి దానికిఁ గలదు. విశ్రామమున దిగినవాని సుఖము మాత్రమే తోఁచును; మజిలీ యన్నచో నచ్చటి యూరును, అన్నము పెట్టినవారును గూడఁ దోఁతురు. ఇంగ్లీషుమాట ననుసరించి గెంతుట యన్నచోఁ గప్ప గుర్తునకు వచ్చును; దీవి గుర్తునకు రాదు.

ఇది వట్టి పేరువివాద మని యెవ్వరును దలఁపరాదు. ఉత్తరాంధ్రమునుండి నేఁటికిని ననేకులు శ్రీవిజయపురమునకుఁ బనికై పోవుచున్నారు. వారి బిడ్డలు చదువుకొను తెలుఁగున, తాము పోయినచోటికి శిక్షాస్థాన మని యర్థము కనఁబడుట సమంజసము గాదు. పండితులు రఘువంశశ్లోకమును జెప్పునప్పుడు లవంగము నెచ్చటిదో చెప్పవలయును. నిఘంటువు చెప్పునప్పుడు శిక్షార్థమును గడపటఁ బెట్టి, యది యేకాలమునఁ బుట్టి యేకాలమున నణఁగెనో తెలుపవలయును. యాత్రావ్యాసమును వ్రాయించునప్పుడు నాఁగినచోట నెవరు కనఁబడిరని మొదట నడుగవలయును. నీటినే చెప్పి నేలను నన్యపదార్థముగా విడిచిన శబ్దమున, ఆ నేలపై నిలిచిన మనుష్యుని గుర్తుచేయు భారము వాడువారిపై నున్నది. ఈ విషయమును సహృదయులు పరిశీలింతురు గాక.